సరి, బేసి: చివరి అంకె చూచిన చాలునా?

సరి, బేసి సంఖ్యలకు గల భేదమును చిన్నపిల్లలకు బోధించునప్పుడు తరచుగా ఒక సూత్రముతోనే పాఠము ముగియుచున్నది. చివరి అంకె 0, 2, 4, 6, 8 లలో ఒకటైనచో సరి, కానిచో బేసి. ఏడేండ్ల బాలుడు దీనిని ఒక్క పూటలో నేర్చుకొని 4738 సరిసంఖ్య యని తడుముకొనకుండ చెప్పగలడు. పరీక్షకు ఇది చాలును. కాని రెండు బేసి సంఖ్యలను కూడినప్పుడెల్ల సరిసంఖ్యయే ఎందుకు వచ్చునని అడిగినచో, 3, 5 కలిసి 8 అని ఒక ఉదాహరణమిచ్చి ఊరకుండును. మనము అతనికి నేర్పినది వ్రాతలోని గుర్తు మాత్రమే.

ఆ గుర్తు కూడ పదుల పద్ధతిలో వ్రాయుటవలన కలిగినది. ప్రతి పదియు అయిదు జతలుగా విడిపోవును గనుక ఒకట్ల స్థానమును మాత్రము చూచిన సరిపోవుచున్నది. అయిదుల పద్ధతిలో ఆరును 11 అని వ్రాయుదురు. చివర ఒకటి యున్నను ఆరు సరిసంఖ్యయే.

దీనికంటె మన పిల్లల సరి-బేసి ఆటయే మేలైన పాఠము. గుప్పిటిలోని చింతపిక్కలను జతలు జతలుగా తీసి పెట్టగా ఒంటిపిక్క మిగిలినచో బేసి. 1907లో రోము నగరమున శిశుగృహమును స్థాపించి, 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చిన మరియా మాంటిసోరీ పద్ధతిలోను ఇదే కలదు. 1 మొదలు 10 వరకు అంకెలను వరుసగా పెట్టి, ఒక్కొక్కదాని క్రింద అన్ని బిళ్ళలను జతలుగా పేర్చుదురు. బేసి సంఖ్యలో చివరి బిళ్ళ నడుమ నిలుచును. జతల మధ్యగా వ్రేలిని క్రిందికి జరిపినచో సరిసంఖ్యలో దారి దొరకును, బేసిలో అడ్డు తగులును. బిళ్ళలు మొత్తము 55 గనుక, లెక్క తప్పినచో చివరకు మిగులుటయో చాలకపోవుటయో జరిగి, ఎవరును చెప్పకుండగనే బిడ్డకు తెలియును.

అయితే పేర్లు అప్పగించగానే బిళ్ళలను పెట్టెలో వేయుట పొరపాటు. అసలు పని అప్పుడే మొదలు కావలెను. మూడింటి వరుసను అయిదింటి వరుసతో చేర్చుమనిన, రెండు ఒంటి బిళ్ళలును ఒక జత యగును. సంఖ్య లెంత పెద్దవైనను ఇట్లే జరుగునని బిడ్డ గ్రహించినచో అది ఉదాహరణము కాదు, నిరూపణమే. యూక్లిడు తన తొమ్మిదవ గ్రంథమున నిరూపించిన సిద్ధాంతములలో ఇట్టివి కలవు.

జతల పద్ధతిలోను ఒక చిక్కు కలదు. 1990 జనవరిలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున డెబొరా బాల్ అను ఉపాధ్యాయిని బోధించు మూడవ తరగతిలో ఒక బాలుడు, ఆరు సరియు బేసియు కూడ ననెను. అందులో రెండ్లు మూడున్నవి, మూడు బేసి కదా యని అతని వాదము. అట్లయినచో పది కూడ అంతే కావలెనని తోటి విద్యార్థిని ఆక్షేపింపగా, అతడు దానికిని ఒప్పుకొనెను! ఉపాధ్యాయిని అతనిని కసరలేదు, తరగతియంతయు చర్చింపనిచ్చెను. చూడవలసినది మిగిలిన ఒంటిదానిని, జతల సంఖ్యను కాదు అను నిర్వచనపు అవసరము ఇట్టి వాదములోనే తేటపడును. పైగా ఆ బాలుడు కనుగొన్నది ఉత్తమాట కాదు. 2, 6, 10, 14 లను నాలుగుచే భాగించిన రెండు శేషించును. ఆరు వంటి సంఖ్యలకు యూక్లిడు కూడ ప్రత్యేకముగ ఒక పేరు పెట్టియున్నాడు. సూత్రము మాత్రమే వల్లించిన తరగతిలో ఈ ప్రశ్నయే పుట్టదు.

ఇక సున్న. చివరి అంకె సున్నయే గనుక సరి యనినచో బిడ్డ తల యూపును గాని నమ్మడు. ఖాళీ గుప్పిట తెరచి చూపి, ఒంటిపిక్క మిగిలినదా యని అడిగి చూడుడు.