ముంతలో కాపురం

చేపను కొనేముందు ముంతను కొనండి. డ్వార్ఫ్ సిక్లిడ్‌లను పెంచాలనుందని ఎవరు అడిగినా నేను చెప్పే మొదటి మాట ఇదే. ఎండలు ముదిరాక హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు పక్కన కుండలు పేర్చి అమ్ముతుంటారు. అక్కడ పిడికెడంత మట్టి ముంత ఒకటి తీసుకుని, అంచున బొటనవేలు పట్టేంత గంటు కొట్టి, అక్వేరియం అడుగున బోర్లించాలి. అమెజాన్ వాగుల సంతతికి చెందిన ఒక తల్లి చేపకు అదే పురిటిల్లు.

సిక్లిడ్‌లది పెద్ద కుటుంబం. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా ఆ కుటుంబానిదే. కేరళ వాళ్లు ఇష్టంగా తినే కరిమీన్ కూడా ఆ కుటుంబమే. భారతదేశానికి సొంతమైన సిక్లిడ్ జాతులు మూడే ఉన్నాయి. ఈ కుటుంబంలో నాలుగంగుళాలు దాటని చిన్న జాతులను డ్వార్ఫ్ సిక్లిడ్‌లంటారు. కొత్తవాళ్లకు మూడు పేర్లు చాలు. వీపు మీద కాకతువా జుట్టులా నిక్కబొడుచుకునే రెక్కతో ఉండేది కాకతువాయిడెస్ అపిస్టో, పెరూ ప్రాంతపు అమెజాన్ నీళ్లది. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన క్రిబెన్సిస్ మన నీళ్లకు తొందరగా అలవాటు పడుతుంది. మూడోది వెనెజువెలా, కొలంబియా గడ్డిమైదానాల రామ్. దీన్ని 1948లో మైయర్స్, హ్యారీ అనే శాస్త్రవేత్తలు వర్ణించారు. దాన్ని సేకరించిన రమిరెజ్ పేరు పెడితే వాడుకలో ‘రామ్’ అయింది. నీలి చుక్కల ఒంటితో అందరి కళ్లూ దాని మీదే పడతాయి కానీ, నీటిలో కొద్దిపాటి తేడాకే తల్లడిల్లుతుంది. అందుకే అపిస్టోతోనో, క్రిబెన్సిస్‌తోనో మొదలుపెట్టండి.

నేను రామ్‌తో మొదలుపెట్టాను. జంటను తెచ్చిన రోజునే బోరు నీళ్లు నింపి వదిలేశాను. వారం తిరక్కుండానే రెండూ పోయాయి. చేపలమ్మిన వాళ్ల తప్పు లేదు, చేప తప్పూ లేదు. మా ఇంటికి వచ్చే నీళ్ల గురించి నాకేమీ తెలియదన్న సంగతి అప్పుడు తెలిసింది.

మన వైపు నల్లాలో వచ్చేది కృష్ణా నీరు. నాగార్జునసాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో నడిపించి, ఎల్బీనగర్ దాపునే ఉన్న సాహెబ్‌నగర్‌కు చేరుస్తారు. 2004 నుంచి ఆ నీరు నగరానికి వస్తోంది. అందులో క్లోరిన్ ఉంటుంది. మనకు అది రక్షణ, చేప మొప్పలకు మంట. బకెట్‌లో ఒక రోజంతా నిలవబెట్టినా, దుకాణంలో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసినా విరిగిపోతుంది. బోరు నీటి సంగతి వేరు. రాతిపొరల్లోంచి వచ్చే ఆ నీటిలో కరిగిన లవణాలు ఎక్కువ. బకెట్ అడుగున తెల్లగా గారకట్టేది అదే. అపిస్టోలు పుట్టిన వాగుల్లో ఆ గార ఉండదు. అందుకే నల్లా నీటిలో సగం దాకా ఆర్వో నీరు కలుపుకోవచ్చు. అంతకంటే మేలైనది వాన నీరు. తొలకరికి డాబా మీది దుమ్మంతా కొట్టుకుపోనిచ్చి, తర్వాతి వానల్లో శుభ్రమైన డ్రమ్ములో పట్టి మూత పెట్టుకోవాలి. మూత మరిస్తే దోమలు గుడ్లు పెడతాయి, ఇంట్లోకి డెంగీ వస్తుంది.

ట్యాంకు రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే చాలు. దాదాపు 55 లీటర్లు పడుతుంది. ఈ చేపలకు ఎత్తు కంటే నేల ముఖ్యం. అడుగున సన్నని ఇసుక పరచాలి. అపిస్టో నోటినిండా ఇసుక తీసుకుని, తిండి నలుసులు ఏరుకుని, మిగిలింది మొప్పల్లోంచి జల్లెడ పట్టినట్టు వదులుతుంది. రంగు గులకరాళ్లు వేస్తే ఆ పని చెయ్యలేదు. రాళ్లు వేసేముందు వాటిపై వెనిగర్ చుక్క వేసి చూడండి. బుడగలొస్తే అందులో సున్నం ఉన్నట్టు, పక్కన పెట్టెయ్యండి.

ఇక బాదం ఆకులు. మన కాలనీల్లో నీడకోసం పెంచే బాదం చెట్టు ఆకులు ఎర్రబారి రాలతాయి. పూర్తిగా ఎండి గోధుమరంగుకు తిరిగినవే ఏరుకోవాలి. వాహనాల పొగ తగలని సందుల్లో ఏరి, కడిగి, మరిగిన నీళ్లలో ముంచి వేస్తే రెండు మూడు రోజుల్లో నీరు పలచటి డికాక్షన్ రంగుకు వస్తుంది. చూసినవాళ్లు మురికి అనుకుంటారు. ఈ చేపల పుట్టింటి నీటి రంగే అది. ఆకుల మధ్య చేపకు చాటు దొరుకుతుంది, పిల్లలకు కంటికి కనిపించనంత చిన్న జీవులు ఆహారంగా దొరుకుతాయి. ఒక మూల ముంత, మరో మూల కంటికి రంధ్రం చేసిన కొబ్బరి చిప్ప, మధ్యలో చెక్కముక్క ఉంచాలి. ఒక గూట్లో ఉన్న చేపకు ఇంకో గూడు కనబడకూడదు. కనబడితే యుద్ధమే.

అన్నీ అమర్చాక కూడా చేప తేకూడదు. ఇక్కడే అందరూ తొందరపడతారు. చేప విసర్జించేది అమ్మోనియా, అది విషం. దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత అంత హాని లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్పాంజ్ ఫిల్టర్‌లో కాపురం పెట్టాలి. ఇందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రోజూ చిటికెడు మేత వేస్తూ, ఖాళీ ట్యాంకునే నడిపించాలి. పాలు తోడుకోవాలంటే పాత పెరుగు చుక్క వేస్తాం కదా, ఇదీ అంతే. ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు ఫిల్టర్ నుంచి స్పాంజ్ పిండిన నీళ్లు తెచ్చి కలిపితే తొందరగా తోడుకుంటుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించిన రోజే చేపకు ముహూర్తం.

మన దుకాణాలకు వచ్చే రంగుచేపల్లో చాలా భాగం చెన్నై కొళత్తూరు లాంటి పెంపక కేంద్రాలవే. ఎన్నో నీళ్లు మారి అలిసిపోయి వస్తాయి. కవరును అరగంట ట్యాంకులో తేలనిచ్చి, తర్వాత మెడికల్ షాపులో దొరికే సెలైన్ గొట్టంతో మన నీటిని గంటసేపు చుక్కచుక్కగా కలపాలి. రెండడుగుల ట్యాంకుకు ఒక మగ, ఒక ఆడ చాలు. పైన తిరగడానికి అరడజను చిన్న టెట్రాలు ఉంటే వీటికి ధైర్యం. పైచేపలు నిశ్చింతగా ఈదుతుంటే అపాయం లేదని కింది చేపలకు అర్థమవుతుంది. రోజుకు రెండు పూటలు, రెండు నిమిషాల్లో తినేంతే మేత వెయ్యాలి. వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చాలి.

ఈ చేపలు రుతువులను కూడా గమనించమంటాయి. డిసెంబరు రాత్రుల్లో నీరు చల్లబడకుండా హీటరు కావాలి. మే నెలలో పై అంతస్తు ఇళ్లలో ట్యాంకు నీరు 32 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు మూత తీసి వలగుడ్డ కప్పి, నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. వేడి నీటిలో ఆక్సిజన్ నిలవదు కాబట్టి కరెంటు పోయినా ఎయిర్ పంపు ఆగకుండా బ్యాటరీది ఒకటి ఉండాలి. ఇంకో విశేషం ఉంది. అపిస్టోల పిల్లలు ఆడవా మగవా అన్నది కొంతవరకు నీటి వేడిని బట్టి తేలుతుంది. జర్మన్ శాస్త్రవేత్తలు రోమర్, బైజెన్‌హెర్ట్స్ 1996లో ప్రచురించిన పరిశోధనలో, నీరు వేడెక్కే కొద్దీ మగపిల్లల వాటా పెరుగుతుందని చూపించారు. మన ఎండాకాలపు కాన్పులకు ఇది గుర్తుంచుకోవలసిన మాట.

ఒకనాటి ఉదయం ఆడ అపిస్టో పసుపు పూసుకున్నట్టు మారిపోతుంది. ఒంటి మీది నల్లమచ్చలు గట్టిపడతాయి. తనకు దాదాపు రెట్టింపు ఉండే మగచేపను ముంత దరిదాపులకు రానివ్వదు. లోపల ముంత కప్పుకు అంటించిన గుడ్లను రెక్కలతో విసురుతూ ఉంటుంది. రెండు మూడు రోజులకు గుడ్లు చిట్లుతాయి. మరో నాలుగైదు రోజులకు పిల్లలు బయటికొచ్చి ఈదుతాయి. వాటికి బ్రైన్ ష్రింప్ పిల్లలే పాలు. లీటరు నీళ్లలో 25 గ్రాముల దొడ్డు ఉప్పు కలిపి, ఆ ష్రింప్ గుడ్లు వేసి గాలి పెడితే మన వేడికి ఒక్క రోజులో పొదుగుతాయి.

ఇంతగా సాకినవి పెరిగి చోటు చాలకపోతే చెరువులో వదిలెయ్యాలనిపిస్తుంది. ఆ పని ఎన్నడూ చెయ్యొద్దు. అక్వేరియం గోడలు శుభ్రం చేస్తుందని తెచ్చి, పెద్దదయ్యాక వదిలేసిన సక్కర్ చేప ఇవాళ జాలర్ల వలలు చింపే దెయ్యం చేప అయింది. అది తూర్పు కనుమల నీటి వనరుల్లో ఎంతగా పాకిపోయిందో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్‌ఏ ఆనవాళ్లతో పట్టి చూపించారు. మన సరూర్‌నగర్ చెరువుకు ఆ గతి పట్టనివ్వొద్దు. మిగిలిన చేపలను తిరిగి దుకాణానికో, పెంచుకునే మరొకరికో ఇవ్వండి.

తల్లి అపిస్టో పిల్లలను మాటలతో పిలవదు. ఒళ్లు చిన్నగా జలదరిస్తుంది, రెక్కలు విదిలిస్తుంది. ఆ సైగకు మబ్బులా పరుచుకున్న పిల్లలన్నీ ఇసుక మీద అణిగిపోతాయి. చీకటి పడుతుంటే వాటిని కూడగట్టుకుని ముంతలోకి తోలుకెళుతుంది. లైటు ఒక్కసారిగా ఆర్పితే ఆ పని మధ్యలో ఆగిపోతుంది, పిల్లలు చీకట్లో చెల్లాచెదురవుతాయి. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో రాత్రి ముందు ట్యాంకు లైటు ఆర్పుతాం. అరగంట ఆగి, ముంత దగ్గరికెళ్లి చూసి, ఆఖరి పిల్ల కూడా లోపలికి చేరాకే హాలు లైటు తీస్తాం.