మొదటి ఎర్రర్ ఎక్కడుంది?

ఉస్మానియా క్యాంపస్‌లోని ఇంజినీరింగ్ కాలేజీ 1929లో మొదలైంది. దాని హాస్టళ్లలోనూ, గేటు దాటితే తార్నాక అద్దెగదుల్లోనూ ఇప్పుడు లినక్స్ ఎక్కించుకోవడం పెద్ద విద్యేం కాదు. పెన్‌డ్రైవ్ ఉంటే అరగంట పని. తిప్పలన్నీ ఆ తర్వాతే, ఏదో ఒక ప్యాకేజీ ఇన్‌స్టాల్ కానని మొండికేసినప్పుడు మొదలవుతాయి. నల్లటి తెర మీద వరసలు గబగబా దొర్లిపోతాయి. కుర్రాడు ఆఖరి వరస ఒక్కటే కాపీ చేసి గూగుల్‌లోనో చాట్‌బాట్‌లోనో వేసి, వచ్చిన కమాండ్‌కు ముందు సర్వాధికారాలిచ్చే సుడో తగిలించి కొట్టేస్తాడు. అదేం చేస్తుందో అతనికి తెలియదు.

పక్కగది సీనియర్ పద్ధతి వేరు. “పైకి స్క్రోల్ చెయ్ తమ్మీ, మొదటి ఎర్రర్ ఏమొచ్చిందో చూద్దాం” అంటాడు. విద్యలో సగం అదే. కింద కనిపించే పది ఎర్రర్లు చాలాసార్లు పైనున్న ఒక్కదాని సంతానం.

ఆ ఎర్రర్లు చదవాలంటే వాటిని పలికించే పనిముట్ల సంగతి తెలియాలి. ఇయాన్ మర్డాక్ 1993లో డెబియన్ అనే లినక్స్ రకాన్ని మొదలుపెట్టాడు. ఉబుంటు దాని మీద కట్టిందే. అందులో డీపీకేజీ అనే పనిముట్టు చేతికిచ్చిన ప్యాకేజీని విప్పి పెడుతుంది. దానికి ఇంకేం కావాలో వెతికి తెచ్చేది ఆప్ట్. 1999లో వచ్చిన డెబియన్ 2.1తో అది జనంలోకి వచ్చింది. తెలుగు ఫాంట్ల ప్యాకేజీ అడిగితే లోహిత్, పోతన, వేమన ఫాంట్లు వెంట రావడం దాని చలవే. నెట్ నత్తనడక నడిచిన రోజుల్లో ఈ సుఖం అందరికీ లేదు. ఉబుంటు సీడీలు పోస్టులో ఉచితంగా వచ్చేవి, 2011లో ఆపేశారు. ‘లినక్స్ ఫర్ యూ’ పత్రికతో పాటు డిస్కు దొరికేది. ఒకరు దింపుకున్న డెబ్ ఫైళ్లు, అంటే ప్యాకేజీలు, ఆప్ట్ క్యాష్‌లోంచి తీసి పెన్‌డ్రైవ్‌లో ఇంకొకరికి ఇచ్చేవారు. ఒక్క డిపెండెన్సీ తక్కువైతే మళ్లీ మొదటికి. స్వేచ్ఛ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థలు కాలేజీల్లో ఇన్‌స్టాల్‌ఫెస్టులు పెట్టి ఈ చేతిపనిని చాలామందికి అలవాటు చేశాయి.

ఇక రోగాలు. ‘ప్యాకేజీ కనబడలేదు’ అంటే ముందు స్పెల్లింగ్ చూడాలి, తర్వాత ఆప్ట్ అప్‌డేట్ కొట్టాలి. 404 వస్తే ఆ ఉబుంటు వెర్షన్‌కు కాలం చెల్లిందేమో చూడాలి. పాతవాటి ప్యాకేజీలను వేరే సర్వర్‌కు తరలించేస్తారు. క్యాంపస్ నెట్‌లో 407 కనిపిస్తే తప్పు లినక్స్‌ది కాదు, ప్రాక్సీ పాస్‌వర్డ్ అడుగుతోంది. బ్రౌజర్‌లో ఇచ్చిన పాస్‌వర్డ్ ఆప్ట్‌కు అందదు, దానికి విడిగా చెప్పాలి.

నాకు బాగా నచ్చేది గడియారం కేసు. ల్యాబ్ మూలన పడున్న పాత డెస్క్‌టాప్ ‘రిలీజ్ ఫైల్ ఇంకా చెల్లదు’ అంటుంది. నెట్ ఉంది, సర్వర్ ఉంది, స్పెల్లింగ్ సరే. తీరా చూస్తే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ చచ్చిపోయి, తేదీ ఏళ్ల వెనక్కి పోయింది. దాని లెక్కలో ఇవాళ్టి ఫైలు భవిష్యత్తులోంచి వచ్చింది మరి! తేదీ సరిచేస్తే పని నడుస్తుంది. సీఆర్2032 సెల్ మార్చకపోతే కరెంటు తీసిన మర్నాడు మళ్లీ అదే కథ.

‘లాక్ దొరకలేదు’ అన్నప్పుడు లాక్ ఫైలు చెరిపెయ్యమనే సలహా ఇప్పటికీ చెలామణిలో ఉంది. అది చెడ్డ సలహా. వెనకాల ఆటోమేటిక్ అప్‌డేట్ నడుస్తుంటుంది. ఆగితే అదే వదిలేస్తుంది. ఇద్దరు ఒకేసారి డీపీకేజీ లెక్కల పుస్తకంలో రాస్తే అది పాడవుతుంది. మధ్యలో కరెంటు పోయి ఇన్‌స్టాల్ ఆగిపోతే మాత్రం ఏ కమాండ్ కొట్టాలో ఆ ఎర్రరే అక్షరం పొల్లుపోకుండా చెబుతుంది. అది చదవకుండా గూగుల్ చెయ్యడం ఏమిటో!

చదవకపోతే ఏమవుతుందో 2021లో లోకమంతా చూసింది. కెనడా యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో ఆటల ప్రోగ్రామ్ స్టీమ్ ఎక్కించబోయాడు. కీలకమైనవి పోతాయని ఆప్ట్ హెచ్చరించి, ‘అవును, నేను చెప్పినట్టు చెయ్యి’ అని టైపు చేస్తేనే ముందుకెళ్తానంది. చేశాడు. డెస్క్‌టాప్ మొత్తం పోయింది. లోపం ప్యాకేజీలో ఉన్నమాట నిజమే, హెచ్చరిక తెర మీద ఉన్నదీ నిజమే. ఇప్పటి పిల్లలకు అలాంటి హెచ్చరిక పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే పిప్‌తో ఎదురవుతోంది. డెబియన్ 12 నుంచి సిస్టమ్ పైథాన్‌ను పిప్ ముట్టుకోనంటుంది. ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ అనే ఆప్షన్ తగిలించి దూరిపోయేవాళ్లే ఎక్కువ. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కట్టుకుంటే సరిపోతుంది, ఒక్క కమాండ్ పని.

సీనియర్ తలుపు తట్టే ముందు మూడు సంగతులు దగ్గర పెట్టుకోండి: మొదటి ఎర్రర్ నుంచి పూర్తి సందేశం, ఏ వెర్షన్ వాడుతున్నారు, అంతకుముందు ఏం కొట్టారు. మూడోది గుర్తులేకపోతే ‘వార్, లాగ్, ఆప్ట్’ ఫోల్డర్లో హిస్టరీ ఫైలు తెరవండి. ఆప్ట్‌తో ఏది ఎప్పుడు ఎక్కించారో, ఏది పీకేశారో తేదీలతో సహా అందులో ఉంటుంది.