మురుగునీటి పరీక్షకుడు
కర్మాగారము విడిచెడి మురుగునీటికి హద్దు నిర్ణయించి, ఆ హద్దు నిలుచుచున్నదో లేదో కాచుకొనియుండు కాలుష్య నియంత్రణ మండలి పరీక్షకుని వృత్తి, పైకి సామాన్యముగ కనుపించినను, నదీరక్షణకు మూలాధారమైనది. 1974 నాటి జలచట్టము ననుసరించి మండలి సమ్మతి లేనిదే పరిశ్రమ మురుగును ఏటిలోనికి వదలరాదు; ఏటిలో కలియు నీటికి జీవరసాయన ఆక్సిజన్ అవసరము లీటరుకు 30 మిల్లీగ్రాములు మించరాదనుట సాధారణ ప్రమాణము. నమూనాను యజమాని యెదుట రెండు భాగములు చేసి, ముద్రవేసి, ఉభయులును సంతకము చేసిన పిమ్మట, 27 డిగ్రీల వెచ్చదనమున మూడు దినములు నిలిపి, సూక్ష్మజీవులు హరించిన ప్రాణవాయువును లెక్కించు ఓర్పు ఆతనిది. హైదరాబాదు చేరువనున్న పటాన్‌చెరు పరిశ్రమల మురుగు అచటి నక్కవాగు నెట్లు చెరచినదో ఎరిగినవారికి ఈ అంకెలయందలి ధర్మము వేరుగ చెప్పనక్కరలేదు. దిగువ రైతు గోడును న్యాయస్థానమున నిలువగల సాక్ష్యముగ మార్చు ఈ నిష్ఠ సర్వదా వందనీయము.