ఒడ్డున ఉండి ప్రవాహాన్ని వినేవారు

జపాన్‌లో హోన్షు, క్యూషు దీవుల మధ్య కన్మోన్ జలసంధి ఉంది. ఇరుకైన చోట దాని వెడల్పు 700 మీటర్లు కూడా ఉండదు. 1185లో తైరా, మినమోతో వంశాల నౌకలు తలపడింది ఇక్కడే. పోటు బలంగా ఉన్నప్పుడు నీరు గంటకు 15 కిలోమీటర్లు దాటి ఉరుకుతుంది. పైన ఓడల రాకపోకలకు తెరిపి ఉండదు. నీటి వేగం కొలిచే పరికరాన్ని నడిమధ్య దించి వదిలేస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు?

హిరోషిమా విశ్వవిద్యాలయంలో అరాతా కనేకో బృందం ఓడల దారి జోలికి పోకుండా పరికరాలను ఒడ్డు వెంబడి దించింది. సముద్రాన్ని శబ్దంతో స్కాన్ చేయవచ్చని 1979లో వాల్టర్ మంక్, కార్ల్ వున్ష్ చెప్పింది మహాసముద్రాల గురించి. కనేకో బృందం ఆ పద్ధతిని తీరానికి తెచ్చింది.

రెండు ఒడ్ల నుంచీ ఒకేసారి శబ్దం పంపుతారు. నీటివాలుకు వెళ్లింది ముందు చేరుతుంది, ఎదురీదింది ఆలస్యమవుతుంది. శబ్దం నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. 3 కిలోమీటర్ల దూరంలో, శబ్దం సాగే దారి వెంట నీరు సెకనుకు ఒక మీటరు కదులుతుంటే, ఆ రెండు రాకల మధ్య తేడా సెకనులో వెయ్యోవంతులు మూడు కూడా ఉండదు! అందుకే గడియారాలను జీపీఎస్‌తో సరిచేస్తారు.

అయితే రెండు పరికరాల మధ్య శబ్దం సాగే ఒక గీత చెప్పేది ఆ దారి పొడవునా ఉన్న సగటు వేగమే. గీత సరిగ్గా సుడిగుండం మధ్య నుంచి వెళ్లిందనుకోండి. అక్కడ నీరు గీతకు అడ్డంగా తిరుగుతుంది కాబట్టి సుడి ఉన్నట్టే దానికి తెలియదు. ఎనిమిది చోట్ల పరికరాలుంటే 28 గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ఒక గీతకు అందనిది మరోదానికి అందుతుంది.

గీతలు పడని చోటు మాత్రం మిగిలిపోతుంది. అక్కడ అక్కరకొచ్చేది కంప్యూటర్ మోడల్. అడుగు లోతు, పోటు ఎత్తు, నేల రాపిడి ఇస్తే అది ప్రతి చోటా ప్రవాహాన్ని లెక్కగడుతుంది. రాపిడిలో చిన్న పొరపాటున్నా సుడి పక్కకు జరిగిపోతుంది. కాబట్టి కొలతతో మోడల్‌ను దిద్దాలి. ఎంత దిద్దాలి? అసలు పనితనమంతా ఇక్కడే ఉందని ఈ రచయిత నమ్మకం. 1994లో గైర్ ఎవెన్‌సెన్ చూపిన పద్ధతిలో మోడల్‌ను స్వల్ప మార్పులతో పదులసార్లు నడుపుతారు. ఫలితాలన్నీ ఒకేలా వచ్చిన చోట మోడల్ మాటకు బలమెక్కువ, చెల్లాచెదురైన చోట కొలతకు. కొలతనే పరమసత్యమనుకుని మోడల్‌ను దాని వెంట లాగేస్తే, కొలతలోని రొద కూడా ప్రవాహమై పటంలోకి ఎక్కుతుంది.

ఇంతా చేశాక ఆ పటాన్ని పడవ మీద బిగించిన వేగమాపకం కొలతలతో పోల్చి చూస్తారు. ఆ పడవ మాత్రం జలసంధిని దాటి వెళ్లిపోతుంది, ఓడలకు అడ్డుగా ఉండిపోదు.