గుండీకి ఇల్లు, రవికకు మగ్గం

బొంత కుట్టాలంటే ముందు వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ఆరనివ్వాలి. నిజామాబాద్, బోధన్ పల్లెల్లో ఇది ఎండాకాలం పని. చెరకు నరకడం అయిపోయి, యాసంగి పనులు కూడా ఓ కొలిక్కి వచ్చి, ఆడవాళ్లకు కాస్త తీరిక చిక్కే రోజులవి. పాత నూలు చీర ఒకటి నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి బిగదీస్తారు. దాని మీద చిరిగిన ధోతులు, తువ్వాళ్లు, అంగీల వీపుముక్కలు వరసగా సర్దుతారు. ఒకచోట మిట్ట, ఒకచోట పల్లం లేకుండా ఆ ముక్కలు సర్దడంలోనే సగం పనితనం ఉంది. అన్నిటి మీదా కాస్త గట్టిగా ఉన్న చీర కప్పుతారు.

అప్పుడు కచ్చా టాకా. జానెడు దూరంలో పెద్ద పెద్ద కుట్లు వేసి పొరలన్నిటినీ కదలకుండా పట్టి ఉంచుతారు. అసలు కుట్టు పడ్డాక వీటిని తెంపేస్తారు. అసలు కుట్టుకు బొంత మీదనే కూర్చోవాలి. కుట్టేవాళ్ల బరువే పొరలను జారనివ్వదు. పొడుగాటి లావు సూదిలో జోడు దారం ఎక్కించి, నాలుగైదు కుట్లు ఒకేసారి సూది మీదికి తీసుకుని, ఆ తర్వాత దారం లాగుతారు. ఎక్కువ లాగితే బొంత ముడుచుకుపోతుంది. వదులైతే లోపలి ముక్కలు ఉతుకులో ఒక మూలకు చేరి ఉండలు కడతాయి. వరసకూ వరసకూ మధ్య వేలెడు ఎడం. చిరుగు పడ్డచోట మాసిక వేస్తారు, ఆ మాసిక చిరిగితే దాని మీద మరొకటి. పాత నూలు గుడ్డలో గంజీ మొండితనమూ ఎప్పుడో పోయి ఉంటాయి. పొరల మధ్య నిలిచిన గాలి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. పసిపిల్లల కింద పరిచే చిన్న బొంతకు అందుకే మెత్తబడ్డ పాత గుడ్డనే ఏరుకుంటారు. ఇప్పటి పాలిస్టర్ చీరలతో ఈ సుఖం లేదు. అవి చెమట పీల్చవు, ఒకదాని మీద ఒకటి నిలవవు, కచ్చా టాకా రెండింతలు వేయాల్సొస్తుంది.

ఈ పనిలో తిరిగే మాటలు వింటుంటే నాకు ప్రాణం లేచొస్తుంది. కచ్చా, టాకా, జోడు, వేలెడు, మాసిక: ప్రతి మాటా చేతికి ఒక పాఠం. పుస్తకం లేని చదువు ఇది. తల్లి నుంచి కూతురికి అందిందంతా ఈ పేర్ల వెంటే అందింది. పేర్లు పోతే పని కూడా సగం పోతుందని నా గట్టి నమ్మకం. పైగా ఆ పేర్లలో ఎంత ఆట ఉందో!

బొంతనే చూడండి. ఈ ఒక్క మాట మన భాషలో ఎక్కడెక్కడికి పాకిందో. ఒళ్లంతా నూగుతో మునగచెట్టు మీద పాకేది బొంతపురుగు. మామూలు కాకి కంటే పెద్దగా, నల్లగా ఉండేది బొంతకాకి. కూరకు పనికొచ్చే లావాటి కాయ బొంత అరటి. చెక్కని మొరటు రాయి బొంతరాయి. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే పత్రికలు దాన్ని అతుకుల బొంత అని ఎగతాళి చేస్తాయి. ఆ వాడుక నాకు ఎప్పుడూ నచ్చలేదు. సరిగ్గా కుట్టిన అతుకుల బొంత ఏళ్ల తరబడి చలికి అడ్డం నిలుస్తుంది.

కుట్టడం అనే మాట ఇంకా గడుసుది. తేలు కుడుతుంది, చీమ కుడుతుంది. పసిపిల్లకు చెవులు కుట్టిస్తారు. మోదుగాకులతో విస్తరి కుడతారు. పక్కింటివాళ్ల బాగు చూడలేనివాళ్లకు కన్ను కుడుతుంది. సన్నదైతే సూది, తలకు చిన్న గుండు ఉంటే గుండుసూది, గోనెసంచి కుట్టే లావుదైతే దబ్బనం. ఈ ప్రాంతానికి దబ్బనం, సుతిలి, గోనె బాగా తెలిసినవే. నిజాం పాలనలో 1937లో మొదలైన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడేదాకా ఇక్కడి బతుకంతా చెరకు, సంచుల చుట్టూనే తిరిగింది. కుట్లు విప్పిన గోనె పట్టాను బొంత కింద పరిస్తే నేల చెమ్మ పైకి రాదు.

ఇక్కడ ఇన్ని భాషల మాటలు ఒకచోట చేరడానికి కారణం నీళ్లు, చెరకు. మంజీర మీద 1931 నాటికి నిజాంసాగర్ పూర్తయ్యాక, దాని కాలువల కిందికి కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. మహారాష్ట్ర సరిహద్దు పక్కనే. పట్టణంలో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు చాలామంది. చుట్టూ లంబాడీ తండాలు. బోధన్‌లో మిషన్ పెట్టుకున్న ఆడమనిషికి ఒకే గుడ్డకు ఎన్ని పేర్లు తెలిసి ఉండాలో చూడండి. క్యాంపు నుంచి వచ్చినామె రవిక అంటుంది. ఊరామె రైక అంటుంది. కాలేజీ పిల్ల బ్లౌజు అంటుంది. మరాఠీ ఇంటామెకు అది చోళీ, తండా పెద్దమ్మకు కాంచళి. లంగాకు ఎక్కించేది ఒకరికి బొందు, ఒకరికి నాడా. బొంతను మరాఠీవాళ్లు గోధడి అంటారు, ఉర్దూవాళ్లు గుదడీ అంటారు, ఇంకొంచెం దక్షిణానికి పోతే కన్నడిగులు కవుది అంటారు.

దర్జీ దుకాణంలో మాత్రం ఉర్దూదే పెత్తనం. బట్టలు కుట్టడం కులవృత్తిగా ఉన్న మేరవాళ్ల నోట కూడా ఈ మాటలే. అంచు మడిచి, పైకి కనబడకుండా వేసే సన్నకుట్టు తురపాయి. లోపల వేసే గుడ్డ అస్తర్. ఐమూలగా కత్తిరిస్తే ఉరేబ్. అలా కత్తిరించిన పట్టీ సాగుతుంది కాబట్టి మెడ వంపు చుట్టూ ముడత లేకుండా తిరుగుతుంది. వెనక్కి ఒకడుగు వేసి ముందుకు రెండడుగులు పోయే గట్టి కుట్టు బఖియా. ఒక్కచోట పోగు తెగినా వరసంతా ఊడిరాదు. ఎంత గట్టిదంటే, ఒకరి గుట్టు మొత్తం బయటపెట్టడాన్ని ఉర్దూలో బఖియా ఊడదీయడం అంటారు. చిరుగు మీద పోగులో పోగు నేసి పూడ్చేది రఫూ. మంచి రఫూగర్ చేతిలో పడితే చిరుగు ఎక్కడుండేదో వెతికినా దొరకదు. కళ్లెదుటే మాయమైనవాణ్ణి రఫూచక్కర్ అయ్యాడనడం ఎంత అందంగా కుదిరిందో. పాత దర్జీలు గజాన్ని పదహారు గిరహలుగా లెక్కబెట్టేవాళ్లు. ఒక్కోటి రెండుంబావు అంగుళాలు. గిరహ అంటే ముడి.

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది కాజా. పోర్చుగీసు భాషలో కాజా అంటే ఇల్లు. గుండీ దూరే చీలికను కూడా వాళ్లు ఆ పేరుతోనే పిలిచారు. ఓడల మీద వచ్చిన ఆ మాట ఊళ్లు దాటి, నోళ్లు దాటి నిజామాబాద్ గల్లీల్లో అరుగుల మీద కూర్చుని కాజాలు కుట్టే ఆడవాళ్ల దాకా చేరింది. గుండీకి ఒక ఇల్లు! కుట్టే తీరు చూస్తే పేరు ఎంత తగిందో తెలుస్తుంది. చీలిక చుట్టూ ముందు ఒక దారం పునాదిగా వేస్తారు. దాని మీదుగా, ఒకదాన్ని ఒకటి ఒరుసుకునేలా ముడికుట్లు పేరుస్తారు. ప్రతి కుట్టు ముడీ చీలిక అంచునే కూర్చోవాలి, ఎందుకంటే గుండీ రాపిడి అంతా అక్కడే. రెండు కొసలా అడ్డంగా గట్టి కుట్టు వేసి ముగిస్తారు. చేతికాజా బాగా పడితే అంగీ చిరిగినా కాజా చెదరదు.

తెలుగు తన వంతుగా కళ్లతో ఆడుకుంది. ఉబ్బుగా ఉండే రవిక చేతులు బుట్టచేతులు. వీపు మీద గుండ్రంగా తెరిచిన కోత కుండ మెడ. చీర కొంగు చివర దారాలు ముడివేసి వేలాడదీస్తే కుచ్చులు. ఇంట్లో కూర్చుని ఈ కుచ్చులు కట్టి నాలుగు రూపాయలు సంపాదించుకునే ఆడవాళ్లు ఇప్పుడు ప్రతి వీధిలో ఉన్నారు.

అన్నిటికంటే పెద్ద ఆట మగ్గం. పెళ్లి రవికల మీద పూసలు, చమ్కీలు, జరీ కుట్టే పనిని తెలుగువాళ్లంతా మగ్గం వర్క్ అంటారు. అక్కడ నేత లేదు, పడుగు లేదు, పేక లేదు. నాలుగు కర్రల చట్రానికి గుడ్డను డోలు చర్మంలా బిగదీసి కుట్టడమే. ఉర్దూ పనివాళ్లు ఆ చట్రాన్ని కార్‌చోబ్ అంటారు, అంటే పనికర్ర. నాలుగు కర్రల మధ్య గుడ్డ, దాని ముందు కాళ్లు మడిచి కూర్చున్న మనిషి కనబడగానే తెలుగు కంటికి సాలెవాళ్ల ఇల్లు గుర్తొచ్చి ఉంటుంది. ఇందులో వాడే ఆరీ సూది చెప్పులు కుట్టే ఆరెకు దగ్గరి చుట్టం. కొసన చిన్న కొక్కెం. పై చేయి ఆరీని గుచ్చుతుంది, గుడ్డ కింద ఉన్న చేయి దారాన్ని కొక్కేనికి అందిస్తుంది, ఆరీ ఆ దారాన్ని ఉచ్చులా పైకి లాగుతుంది. ఉచ్చులో ఉచ్చు పడి గొలుసుకుట్టు నడుస్తుంది. కింది చేయి చూపుకు అందదు. అదంతా వేళ్లకు తెలిసిన విద్య. జర్దోజీ మరొకటి. జర్ అంటే బంగారం, దోజీ అంటే కుట్టడం. బోలుగా చుట్టిన సన్న తీగను చిన్న ముక్కలుగా కోసి, పూసను గుచ్చినట్టు సూదికి ఎక్కించి గుడ్డ మీద కూర్చోబెడతారు.

లంబాడీ సూదిపని దగ్గర ఆగకుండా ముందుకు పోలేను. పేట్యా అనే గాగ్రా, కాంచళి, తల మీద టుక్రి: మూడింటి మీదా అద్దాలు, గవ్వలు, పూసలు, రంగు దారాలు. అద్దానికి బెజ్జం ఉండదు కదా. మొదట అద్దం మీదుగా నిలువూ అడ్డమూ దారాలు వేసి పట్టు బిగిస్తారు. తర్వాత ఆ దారాలను పట్టుకుని అంచు చుట్టూ కుట్టు అల్లుకుంటూ పోతారు. దారాల చట్రం అంచులకు జరిగి, మధ్యలో అద్దం తేరుకుంటుంది. చట్రం వదులైతే అద్దం నాలుగు ఉతుకులకే రాలిపోతుంది.

మన తండాల్లో ఈ కుట్ల పేర్లు నోటనే ఉన్నాయి. కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరు లంబాడీలవి మాత్రం కాగితం మీదికి ఎక్కాయి. సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ పద్నాలుగు కుట్లను పేరుపేరునా చెబుతారు. కిలన్, వేలే, బక్క్యా, మాకి, సూర్యకాంతి మాకి, తేరా దోరా, రేలో, నక్రా వాటిలో కొన్ని. మాకి అంటే ఈగ. సూర్యకాంతి పొద్దుతిరుగుడు పువ్వు. తేరా దోరా, మాట ప్రకారం, పదమూడు దారాలు. బక్క్యా వినగానే మన దర్జీ బఖియా గుర్తురాక మానదు. 2023 జులైలో హంపిలో జీ20 సంస్కృతి సమావేశం జరిగినప్పుడు ఆ ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువులు ఒకచోట ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. అదే కర్ణాటకలో కసూతి అనే కుట్టుపనిలో నాలుగు కుట్లకూ పేర్లున్నాయి: గవంతి, ముర్గి, నేగి, మెంతె. గవంతి ముడి, నేగి నేత, మెంతె మన మెంతులే.

ఉత్తర కర్ణాటక అడవుల్లో ఉండే సిద్దీలు తమ బొంతను కవంది అంటారు. వాళ్లు అంచున మొదలుపెట్టి లోపలికి కుట్టుకుంటూ పోతారు. చివర నాలుగు మూలలా గుడ్డను ముక్కోణంగా మడిచి కుడతారు. దాని పేరు ఫూల, అంటే పువ్వు. ఫూల లేని కవంది దిసమొలతో ఉన్నట్టని వాళ్ల భావన. సముద్రాలు దాటినా ఇదే ఆట. అమెరికా బొంతల్లో వంకరటింకర వంపుల నమూనాకు తాగుబోతు బాట అని పేరు. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే పల్లె నల్లజాతి ఆడవాళ్లు నిలువు పట్టీలతో తేలిగ్గా అయిపోయే బొంతను బద్ధకపు పిల్ల అన్నారు; వాళ్ల బొంతల బొమ్మలతో 2006లో అమెరికా తపాలా శాఖ బిళ్లలు వేసింది. కుట్టింది తప్పని తేలి ఊడదీయడాన్ని ఇంగ్లీషు సూదిపనివాళ్లు కప్పపని అంటారు. ఊడదీయమనే ఇంగ్లీషు మాట వాళ్ల చెవికి కప్ప బెకబెకలా వినబడుతుందట. పని చేసే చేతులు ఎక్కడున్నా ఇలాగే ఆడుకుంటాయి.

తెలంగాణలో టైలరింగ్, ఎంబ్రాయిడరీలకు ప్రభుత్వమే లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు పెడుతోంది. వాటికి చదువుకునే పిల్లలు కుట్ల నమూనాలు కుట్టి, పక్కన పేరు రాసుకుంటారు. రన్నింగ్ స్టిచ్ పక్కన కచ్చా టాకా అనీ, బ్యాక్ స్టిచ్ పక్కన బఖియా అనీ, హెమ్మింగ్ పక్కన తురపాయి అనీ కూడా రాయించడానికి ఖర్చేమీ కాదు. బొంతకూ తండా అద్దానికీ ఒక్కో పుట ఇవ్వాలి. వర్ని, రుద్రూరు, కోటగిరి వైపు ఎండాకాలంలో వాకిట్లో బొంత పరుచుకున్న పెద్దమ్మల దగ్గర ఆ పిల్లలు ఒక పూట కూర్చోవాలి. ఖాళీగా ఉన్నప్పుడు అడిగితే ఆ పేర్లు పెద్దమ్మలకు గుర్తురావు. చేతిలో సూది కదులుతున్నప్పుడే అడగాలి.