రత్నమూ, బెత్తమూ

సంతాన శిక్షణను గురించి ప్రసంగించేవారు ఇమామ్ గజాలీ (రహ్మలై, 1058–1111) చెప్పిన ఒక ఉపమానాన్ని తరచుగా పేర్కొంటూ ఉంటారు. బిడ్డ తల్లిదండ్రుల వద్ద ఉంచబడిన అమానతు అనీ, ఆ పసి హృదయం ఏ చెక్కడమూ ఎరుగని అమూల్య రత్నమనీ దాని సారాంశం. ఇంతటితో ఆపివేయడం వల్ల వినేవారికి ఒక అపోహ కలుగుతున్నది. ఏది చెక్కితే అదే నిలుస్తుంది గనుక, తండ్రి చేతిలో ఉలి గట్టిగా ఉంటే చాలునని వారు తలుస్తారు. ‘ఇహ్యా ఉలూముద్దీన్’ మూడవ భాగంలోని ఆ ప్రకరణాన్ని ఆసాంతం చదివినవారికి ఈ అర్థం నిలవదు.

బిడ్డలో వివేకపు తొలి గుర్తులను కనిపెట్టి చూడమంటారు ఇమామ్ గారు. వాటిలో మొదటిది ‘హయా’. ఒక పని చెడ్డదని తోచి, సిగ్గుపడి మానుకున్నాడంటే, పిల్లవానిలో బుద్ధి వెలుగు ఉదయించిందన్న మాట. ఆ లజ్జనే ఆసరాగా చేసుకొని అతన్ని తీర్చిదిద్దాలి. ఈ పదాన్ని ‘బిడియం’ అని అనువదిస్తే అర్థం తారుమారవుతుంది. బిడియం పోగొట్టవలసిన లోపం; హయా కాపాడవలసిన సంపద. అందువల్లనే, పిల్లవాడు ఒకసారి తప్పు చేసి దాచుకుంటే చూసీచూడనట్లు ఊరుకోవాలనీ, మళ్ళీ చేస్తే చాటుగా మందలించాలనీ, మాటిమాటికీ చీవాట్లు పెడితే మాటకు విలువ పోతుందనీ ఆయన హెచ్చరించారు. తలుపు చాటున నక్కిన పిల్లవాణ్ణి బయటికి లాగి బంధువుల ఎదుట నిలదీసే తండ్రి, తప్పును దిద్దడం లేదు. దిద్దగల సాధనాన్నే విరుస్తున్నాడు.

అయితే ఆ ప్రకరణంలో ఒక వెలితి లేకపోలేదు. ఉపాధ్యాయుడు కొట్టినపుడు పిల్లవాడు గోల చేయరాదనీ, ఎవరి సిఫారసూ కోరక ఓర్చుకోవాలనీ అందులో ఉన్నది. దెబ్బ తిన్నవాడు ఎలా ప్రవర్తించాలో చెప్పబడింది గాని, ఆ దెబ్బ వాని స్వభావాన్ని ఏమి చేస్తుందో అక్కడ చర్చించబడలేదు.

ఆ ప్రశ్నకు సమాధానం 1377లో ఇబ్న్ ఖల్దూన్ రచించిన ‘ముఖద్దిమా’లో లభిస్తుంది. విద్యార్థుల పట్ల కాఠిన్యం హానికరమని నిరూపించడానికే ఆయన ఒక అధ్యాయాన్ని కేటాయించారు. దౌర్జన్యం కింద పెరిగిన పిల్లవాని మనసు కుంచించుకుపోతుంది. చురుకుదనం నశించి సోమరితనం వస్తుంది. మీద పడబోయే చేతికి భయపడి లోపల ఒకటి దాచి పైకి మరొకటి చూపుతాడు. అబద్ధమూ, మోసమూ అలా నేర్చుకున్నవే. క్రమంగా అవే అలవాటై గుణంగా స్థిరపడతాయి. ఆయన శిక్షను పూర్తిగా నిషేధించలేదు; తప్పనిసరి అయినా మూడు దెబ్బలు మించరాదన్న ఒక పూర్వ మాలికీ విద్వాంసుని మాటను ఉటంకించారు. కాని దెబ్బకు ఆయన చూపిన ఫలితాన్ని చదివాక, ఆ మూడింటిని కూడా ధైర్యంగా వాడుకోగల తండ్రి ఉండడు.

ఈ రెండు గ్రంథాలనూ కలిపి చదవడంలోనే ప్రయోజనం ఉన్నది. “మావాడి నైజమే అబద్ధాలాడడం” అని వాపోయే తల్లిదండ్రులు, అది వాడు పుట్టుకతో తెచ్చుకున్నదా, తమ బెత్తం చెక్కినదా అని ముందుగా విచారించుకోవాలి. రత్నం మీద గీత పడినపుడు జవాబు చెప్పుకోవలసినది రత్నం కాదు, అమానతు పుచ్చుకున్నవారే.