ఆడంబర శబ్దార్థ విచారము

పాఠశాలలలో ఆడంబరమనఁగా నిస్సారమైన ప్రదర్శనమని మాత్రమే చెప్పుచున్నారు. ఇంతమాత్రముచే వేమన పద్యస్వారస్యము బోధపడదు. శుక్లయజుర్వేదమున నిది భేరీవిశేషము. అమరసింహుఁడు వాద్యధ్వని, గజగర్జితము నని యర్థములు చెప్పెను. కావున నిది మొదట చెవికిఁ దెలియునది. కంటికిఁ దోఁచుట పిమ్మటిది. అల్పుని పలుకున కాడంబరమును జెప్పిన వేమన, వెంటనే కంచుమ్రోఁతను దెచ్చుట యిందుచేతనే పొసఁగినది. దృష్టాంతము పదార్థములోనే యున్నది.

అట్లయిన ధ్వనియే దోషమా? కాదు. తిరుమల బ్రహ్మోత్సవములలో వాహనమునకు ముందు భేరియు నేనుఁగులును నడచును. వెనుక స్వామి వేంచేయును గనుక నది శోభయే. వెనుక నేమియు లేని మ్రోఁతయే నింద్యము. శబ్దాడంబరమని కావ్యమును దూషించు విమర్శకుఁడు సమాసదైర్ఘ్యమును గాక, వెనుక నర్థము వచ్చుచున్నదా లేదా యని చూడవలయును.